మూడో అంకంలో వత్తి

ట్రోమ్సోలో నవంబరు చివర సూర్యుడు సెలవు పెడతాడు.
జనవరి మూడో వారం దాకా
ఊరు కరెంటు మీదా, మంచు తెలుపు మీదా బతుకుతుంది.
నేను నాటకశాలలో లైట్ల బల్ల ముందు కూర్చుంటాను.
ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, కుడిచేతికి అదే మీట.

ఈ శీతాకాలం మళ్ళీ ఆ పాత నాటకమే.
ఓడ కెప్టెన్ భార్య. బల్లమీద కిరసనాయిలు దీపం.
వత్తి ఎప్పుడూ తగ్గించే ఉంచుతుంది,
ఎవరొచ్చినా "కళ్ళు మండుతున్నాయి" అంటుంది.
సొరుగులో ఉత్తరం ఉంది.
అది చదవడానికి సరిపడా వెలుగు ఇంట్లో ఉండకూడదు, అంతే.
మూడో అంకంలో కూతురొచ్చి
ఒక్క మాటా అనకుండా వత్తి ఎగదోస్తుంది.
ఆ పిల్ల వేలు తిప్పేది ఉత్తుత్తి మరనే.
వెలుగు నాది.

రెండు నుంచి తొమ్మిదికి, నాలుగు సెకన్లలో.
నా కాగితం మీద పెన్సిలుతో అలా రాసుంది.
"ఒక్కసారే వెలిగిస్తే ఏం?" అన్నాడు కొత్త కుర్రాడు సిండ్రె.
"చూసేవాళ్ళ కళ్ళు అలవాటు పడాలి" అన్నాను.
అలవాటు పడాల్సింది ఆవిడ.

మా ఇంట్లో ఓడ్వర్.
వలలు బాగుచేసేవాడు; ఇప్పుడు ఊరికే
తాడు ముక్క పట్టుకుని ముడులు వేస్తుంటాడు.
అక్టోబరులో ఓ పొద్దున కాఫీ కప్పు పక్కన పోశాడు.
ఇద్దరం నవ్వాం.
నవంబరు వచ్చి కాపాడింది.
చీకట్లో ఎవరైనా తడుముకుంటారు.
గోడ పట్టుకుని నడిస్తే దారి జారుతోంది అనొచ్చు,
ఎదురొచ్చిన టూరిడ్‌ని పలకరించకపోతే
టోపీ ముక్కు దాకా దించుకుంది, ఎలా తెలుస్తుంది అనొచ్చు.
రెండు నెలలు మా ఆయనకి
ఊరందరితో సమానంగా కళ్ళున్నాయి.

జనవరి ఇరవై ఒకటి.
బడిపిల్లల్ని బయటికి వదిలారు.
బేకరీ ముందు బారు, సూర్యుడి పేరు పెట్టుకున్న
గుండ్రటి జామ్ బన్నుల కోసం.
వంతెన దగ్గర జనం దక్షిణపు కొండకేసి
కళ్ళల్లో వత్తులు వేసుకుని నిలబడ్డారు.
వచ్చాడు. గోరంత. నాలుగు నిమిషాలు.
పిల్లలు కేరింతలు కొట్టారు.
ఓడ్వర్ కేరింతల వైపు తిరిగాడు.
కొండకి వీపు పెట్టి నవ్వుతూ
"ఎంత బాగున్నాడో" అన్నాడు.
ఎర్రటి వెలుగు ఆయన మెడ వెనక పడింది.
నేను మఫ్లర్ సర్దాను.

ఆ సాయంత్రం నాటకం ఉంది.
కూతురు దీపం దగ్గరికొచ్చింది, మర మీద వేలు పెట్టింది.
నేను మీట కదపలేదు.
ఆ పిల్ల తిప్పింది. మళ్ళీ తిప్పింది.
మసక వెలుగులో కెప్టెన్ భార్య తలెత్తి
నా గాజుగది వైపు చూసింది.
ఆ ముసలి నటి చూపులో కోపం లేదు,
ఇంకాసేపు ఉంచు అన్నట్టుంది.
ఎవరో దగ్గారు. పదకొండు సెకన్లు.
తర్వాత చెయ్యి దానంతటదే పని చేసింది.

ఇంటికొచ్చేసరికి ఇల్లంతా చీకటి.
కిటికీ పక్క కుర్చీలో ఓడ్వర్.
తలుపు చప్పుడికి "లైటు వేశావా?" అన్నాడు.
వెయ్యలేదు.
"వేశాను" అన్నాను.
"అదే అనుకున్నా. పట్టపగల్లా ఉంది గది."

బన్ను ఒకటి మిగిలింది.
చీకట్లోనే చెరిసగం చేశాను.
జామ్ ఎవరి వైపు పోయిందో ఇద్దరికీ తెలియదు.
తిన్నాక, జిగట వేళ్ళతో నా మణికట్టు వెతుక్కుని
మెల్లగా అన్నాడు:
"రన్వైగ్,
స్విచ్చి చప్పుడు వినపడలేదే."