ఆగో

చీమకుర్తి క్వారీ గేటు దగ్గర
ఇనుప స్తంభానికి రైలుపట్టా ముక్క వేలాడుతుంటుంది.
మాలకొండయ్య మామ సుత్తి తీసుకుని కొడతాడు.
మూడు దెబ్బలైతే మూడైనట్టు.
అందరి జేబుల్లో ఫోన్లున్నాయి. అయినా కొడతాడు.
మందు పేలేముందు చెప్పాల్సింది చెవికి, కంటికి కాదంటాడు.

నా పని పెయింటు డబ్బా, కుంచె.
కోసి దించిన ప్రతి రాయి మీదా
పొడవు, వెడల్పు, ఎత్తు, నంబరు.
ఏడుని ఒకటిలా రాశానంటే
ఓడెక్కాల్సిన రాయి యార్డులోనే ఎండుతుంది.

రాళ్ళు ఎంచుకోను వచ్చాడు ఫొలారిన్.
వాళ్ళ ఊరు అబెయొకుటా.
రాతికింద అని అర్థమంట ఆ పేరుకి.
పర్మిట్ రాలేదు. పదకొండు రోజులు రాలేదు.
టార్పాలిన్ నీడన స్టూలేసుకుని
పట్టా మోగినప్పుడల్లా వేళ్ళు మడిచి
తనలో తనే ఏందో అనుకునేవాడు.
ఆయనకొచ్చిన ఇంగ్లీషు సగం, నాకొచ్చింది పావు.
నాలుగోరోజు అడిగేశా, ఏందది?

ఆగో మేటా తి లూ.
గంట మూడు కొట్టింది.

నవ్వాగలేదు నాకు.
వాళ్ళ గడియారం పేరు ఆగో!
ఎంత పిలిచినా ఆగదు గదా మరి.
మేటా అంటే మూడు. నాకేమో
గుండ్లకమ్మ పొంగినేడు మా చేలో పడిన ఇసుకమేట గుర్తొచ్చింది,
మూడెకరాలు.

ఆగో అంటే మోగే గంట కూడానంట.
మనకీ అంతే,
మోగేదీ గంటే, గడిచేదీ గంటే.
ఎక్కడి వాళ్ళు, ఎక్కడి మనం,
ఎవర్నెవరూ అడక్కుండానే.

ఆ భాషకి గొంతులో మెట్లున్నాయి.
రాతి మీద చెయ్యి పెట్టి చూపించాడు,
కింద, మధ్య, పైన.
మూడు కొట్టడానికింకా పది నిమిషాలుందని చెప్పబోయి
ఒక మెట్టు ఎక్కువెక్కాను.
మిగిలినయ్ అనాల్సింది చచ్చిపోయినయ్ అన్నానంట.
పది నిమిషాలు చచ్చిపోయినయ్.
పడీపడీ నవ్వాడు,
యార్డులో తుప్పుపట్టే క్రేను వైపు చూసి
అదీ తప్పేం కాదులే అన్నాడు.

నిమిషాన్ని ఈషేజు అంటారు.
అదెట్టా అంటే రెప్ప వేసి తీశాడు. అంతే, అదే.
నా చేతిలో కుంచె కారిపోతోంది.
ఎనిమిదో తరగతిలో కోటాచారి అయ్యవారు
సుద్దముక్క విసిరి మరీ చెప్పిన మాట:
నిమిషమంటే రెప్పపాటే అమ్మాయ్,
రెప్ప వెయ్యరు గనకనే దేవతలు అనిమిషులు.
ఆరోజు నేను కునుకుతున్నాను.
ఇన్నేళ్ళకి ఇంత దూరం తిరిగొచ్చి తగిలింది సుద్దముక్క.

సెకనైతే ఈషేజు ఆయా.
కోతి రెప్పపాటు.
టీకొట్టు రేకు మీద కూర్చున్నదాన్ని
కళ్ళలో కళ్ళు పెట్టి కొలవబోయాను.
ఎన్ని సెకన్లో తేలకముందే
చేతిలో అరటిపండు లేదు.

పదోరోజు చిన్న జల్లు.
తడిసిన నల్లరాతిలో బంగారు చుక్కలు లేచాయి.
ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.
అవి రెప్ప వెయ్యవు.
వాటి టైమెంతో ఏ మాటతో అడగాలో
ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

పర్మిట్ వచ్చింది. పద్నాలుగు రాళ్ళు కృష్ణపట్నం వెళ్ళిపోయాయి.
నాలుగువేల నాలుగువందల పదిహేడు మీద
ఏడుకి అడ్డగీత కూడా పెట్టాను, పొరపాటు రాకుండా.
ఆయన లారీ ముందుసీట్లోంచి చెయ్యూపాడు.
చెప్పాలనుకున్న మాట ఏ మెట్టు మీదుందో వెతుక్కునేలోపే
దుమ్ము.

ఇప్పుడు మామ మూడు కొడతాడు.
ఇక్కడ మూడంటే అక్కడ పొద్దున పదిన్నర.
కుంచె ఆపకుండానే నేను
ఆగో మేవా ఆబో అంటాను.
ఎవురితోనమ్మే, అంటాడు మామ.
చెవులు మూసుకుంటాం.
గుంత ఇంకొంచెం లోతవుతుంది.