సముద్రం కనిపించే గది

కనిపిస్తుంది, అబద్ధం కాదు.
స్నానాల తొట్టి అంచు మీద ఎడమ కాలు పెట్టి
కిటికీ గట్టుకు కుడి మోచెయ్యి ఆనించి
మెడను కొంగలా సాచితే
పక్కింటి పొగగొట్టానికీ టీవీ పళ్ళేనికీ నడుమ
బొటనవేలి గోరంత బాల్టిక్.
బూడిద రంగు.
అది సముద్రమో, ఎవరో ఆరేసుకున్న దుప్పటో
ఒట్టేసి మాత్రం చెప్పలేను.

వూచ్ నగరంలో ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపినవాణ్ణి.
పట్టాలు ఎటు పోతే అటే పోయాను.
ప్రతి వేసవికీ లియోకాడియాతో అన్నాను:
వచ్చే ఏడు సముద్రానికి.
మా ఇంట్లో వచ్చే ఏడంటే
అద్దాల బీరువాలో పింగాణీ సామాను.
తుడుస్తాం, మళ్ళీ లోపలే పెడతాం.

చివరికి తీశాం, అక్టోబరులో.
జనం వెళ్ళిపోయాక, సగం ధరకి.

గుమ్మంలోనే లెక్క చెప్పేసింది పాని గెర్త్రూడా.
తువ్వాలుకి ఐదు జ్వోటీలు,
రెండో దుప్పటికి పది,
కుక్క ఉంటే పదిహేను.
కుక్క లేదన్నాను.
లేనందుకు ఏమీ తగ్గించలేదు.

గోడ కాగితం నిండా తెరచాప ఓడలు.
చెమ్మకి ఉబ్బి, అంచు ఊడి,
ఒక వరస మొత్తం నేల వైపు వాలిపోయింది.
అలమరలో ఎవరిదో ఒంటి మేజోడు.
కరపత్రంలోని బొమ్మలో ఈ గదికి బాల్కనీ ఉంది.
అడిగితే, "ఉండేది" అంది ఆవిడ,
పోయిన మనిషి గురించి చెబుతున్నట్టు.
ఇక రెట్టించబుద్ధి కాలేదు.

రాత్రి భోజనంలో చేప.
ఏ నీళ్ళదమ్మా అంటే
నార్వే నుంచి పెట్టెల్లో గడ్డకట్టి వస్తుందట.
మరి ఇక్కడి పడవలు?
"అవి ఇప్పుడు టూరిస్టుల్ని పడుతున్నాయి.
ఈ నెలలో అదీ లేదు."

మర్నాడు ఒడ్డుకు వెళ్ళాం.
మేం వెళ్ళాం గానీ సముద్రం రాలేదు.
మంచు. చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించనంత.
నీళ్ళు బూటులోకి వచ్చాకే తెలిసింది
ఇంక ముందుకు పోకూడదని.
లియోకాడియా వంగి పసుప్పచ్చగా ఏదో ఏరింది.
అంబర్ అనుకుంది.
వెలుతురుకి పట్టి చూశాను,
బీరు సీసా పెంకు, అలలు అరగదీసింది.
చెప్పాను.
ఆమె దాన్ని పారెయ్యలేదు,
కోటు జేబులో వేసుకుంది, నా వైపు చూడకుండా.

అలా అనకుండా ఉండాల్సింది నేను.

ఆ మంచానికి నడుమ ఒక పెద్ద గుంట.
ఏళ్ళ తరబడి చెరో గోడ వైపూ తిరిగి పడుకున్న మనుషులం
చెరో ఒడ్డు నుంచీ జారి జారి
అడుగున ఒకరికొకరు తగిలాం.
పైకి పాకితే మళ్ళీ జారడమే.
కాసేపు తిట్టుకున్నాం.
కాసేపటికి అదీ మానేశాం.

అప్పుడు వినిపించింది.
తలాపి గోడ అవతల
హోరుమని, ఎగసి, తగ్గి, మళ్ళీ హోరుమని.
ఇంత దగ్గరా! అన్నాను.
ఊఁ, అంది నా భుజం మీది నుంచి.
ముప్పై ఒక్క ఏళ్ళ బాకీ
చెవుల్లోంచి తీరుతున్నట్టుంది.
ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీదు.

పొద్దున చల్లనీళ్ళే వస్తున్నాయని చెప్పడానికి
వెనక గదికి వెళ్ళానా,
మా తలాపి గోడనే ఆనుకుని
తుప్పుపట్టిన బాయిలరు.
హోరుమంది. ఎగసింది. తగ్గింది.
టిక్కున ఆగింది.

మెట్లెక్కుతూ నిర్ణయించుకున్నాను,
ఈసారి చెప్పను.
గాజుపెంకు సంగతి చాలు.
లియోకాడియా పెట్టె సర్దుతోంది.
నా మొహం చూసి అంది:
"నాకు రాత్రే తెలుసు.
సముద్రం టిక్కుమని ఆగదుగా."

వెళ్ళేముందు అతిథుల పుస్తకం మా ముందుకు తోసింది పాని గెర్త్రూడా.
ప్రతి ఆలస్యానికీ నిమిషాలతో సహా
కారణం రాసిన చెయ్యి నాది.
బాల్కనీ, చేప, మేజోడు, చల్లనీళ్ళు
అన్నీ వరసగా మనసులో పేర్చుకుని కలం మూత తీశాను.
లియోకాడియా కలం లాక్కుని
ఒకే ఒక్క ముక్క రాసింది:
రాత్రి చప్పుడు బాగుంది.

పాని గెర్త్రూడా రెండుసార్లు చదువుకుంది.
ఏ చప్పుడో అర్థం కాలేదు పాపం.

బిల్లులో రెండో దుప్పటికి పది జ్వోటీలున్నాయి.
దాన్ని మేం మడత కూడా విప్పలేదు.
కట్టేశాను.