ఎడమ కాడ

ఊర్వశి జంక్షన్ దగ్గర నూకరత్నం
ఎడమకి తిరగబోయి ఎడమ కాడ లాగింది.
ఇండికేటర్ కుడివైపని
పదకొండు రోజులుగా చెబుతూనే ఉన్నాను.
బానెట్ మీంచి రెండు తుంపరలు లేచి
అద్దం మీద నీరసంగా పడ్డాయి.
వెనకే వచ్చింది వాసన:
మూతేసి మరిచిపోయిన చేపల బుట్టా
వానాకాలం ఆరని యూనిఫామూ
ఒకే సంచిలో కుక్కినట్టు.

"నాను కాదు మేడమ్," అంది ముందు.
తర్వాత ముక్కు మూసుకుంది,
రెండు చేతులతో.
నా కాలి కింది రెండో బ్రేకు
ఆ పూట మూడోసారి పనిచేసింది.

ఆదివారం క్లాసుల్లేవు.
కంచరపాలెంలో దాలినాయుడు షెడ్డు ముందు
ముందు చక్రం విప్పి,
లోపలి నల్ల తొడుగు ఊడలాగి,
మోకాళ్ల మీద కూర్చుని చూశాను
నాకు అన్నం పెట్టే బండి కడుపులోకి.
ట్యాంకు గోడలకి పాచి.
పాచి మీద బూజు.
వేలితో తాకితే తోలులా కదిలింది.

మూడేళ్లూ కుళాయి నీళ్లే పోశాను మరి.
ఈ ఊరి గాలిలో సగం సముద్రం,
మిగతా సగం పోర్టు.
జ్ఞానాపురం మీంచి వచ్చే దుమ్ము
ఒకరోజు నలుపు, ఒకరోజు ఎరుపు;
ఏ ఓడలోకి ఏది ఎక్కిస్తున్నారో
పొద్దున్నే నా అద్దం చెప్పేస్తుంది.
కనబడే మురికిని రోజూ తుడిచాను.
తుడిచే నీళ్ల మొహం ఎవరు చూస్తారు?

"బ్లీచింగు పొయ్యకండమ్మా, రబ్బర్లు తినేస్తాది,"
అన్నాడు దాలినాయుడు,
వెలిగించని బీడీ పెదాల మధ్య ఆడిస్తూ.
గోరువెచ్చని నీళ్లు. అర సీసా వెనిగర్.
గుప్పెడు బియ్యం వేసి ట్యాంకుని ఊపాను,
మా అమ్మ నూనె సీసా కడిగే పద్ధతిలో.
పొరలు పొరలుగా దిగింది నలుపు:
పీలికలు, జిడ్డు, ఒక రెక్కల చీమ,
ఎలా చేరిందో బస్ టిక్కెట్టు ముక్క.
ఏడో విడతకి
బియ్యం తెల్లగా బయటికొచ్చాయి,
ఎసట్లో వేసుకోవచ్చనిపించేంత.
వేసుకోలేదు లెండి.

పంపు మూతికి గోరంత జల్లెడ.
దాన్ని పాత బ్రష్షుతో బతిమాలాను.
గొట్టంలో ఇంకా ఏదో అడ్డం.
నోరు పెట్టి ఊదాను.
ఊదాక ఊపిరి వెనక్కి పీల్చకూడదని
నాకెవరూ చెప్పలేదు.
ఆ రుచి ఇక్కడ రాయను.
సోంపు నమిలాను, గోలీసోడా తాగాను,
రాత్రి చేపల పులుసు గిన్నె
నా వైపు చూస్తుంటే పక్కకి తిప్పాను.

నాజిల్ కన్నంలో పిన్నీసు తిప్పి
కాడ లాగి చూస్తే, మొదటి ధార
అద్దం దాటి, టాప్ మీద ఎల్ బోర్డు దాటి
రోడ్డు మీద సైకిలాసామి చొక్కా తడిపింది.
ఆయన ఆగి ఆకాశంలోకి చూశాడు.
మబ్బు లేదు.
దాలినాయుడు మహా గంభీరంగా
రెంచీలు సర్దుకున్నాడు.

సోమవారం, మళ్లీ ఊర్వశి జంక్షన్.
కేజీహెచ్‌లో రాత్రంతా వార్డు తుడిచి
ఫినాయిల్ వాసనతో వచ్చి కూర్చుంది నూకరత్నం.
నలభై ఆరేళ్లు.
ముందు కారు, తర్వాత అంబులెన్సు అంటుంది.
ఇరవై ఏళ్లుగా అవి రావడమే చూసిందట,
ఒక్కసారైనా తను తేవాలట.

ఎడమకి తిప్పమన్నాను.
ఎడమ కాడ లాగింది.

రెండు ధారలు, సూటిగా.
ఊరగాయ జాడీ మూత తీసినట్టు
కొంచెం పులుపు, అంతే.
రాత్రి కురిసిన బొగ్గు కిందికి జారింది.
వైపరు ఒకసారి వెళ్లొచ్చింది.

"ఆ కొండ ఇంత దగ్గరున్నాదేటి మేడమ్?"

వెనక ఆటో హారన్ ఆపడం లేదు.
"ఇండికేటర్ కుడిచేతి వైపు," అన్నాను,
"పన్నెండో రోజు."
తలూపింది.
మళ్లీ ఎడమ కాడే లాగింది,
ఈసారి కావాలని.