చిల్లు టికెట్టు

విల్నియస్‌లో పియానోలు శ్రుతి చేస్తాను,
ముప్ఫై ఒక్క ఏళ్లుగా.
సంచిలో రెండు కాళ్ల శ్రుతిదండం, ఒక రెంచి,
కాస్త ఎర్ర ఫెల్టు గుడ్డ, ఉడకబెట్టిన గుడ్డు.
కారు ఎన్నడూ కొనలేదు. దాని మోత నాకు పడదు,
అది సాకు. డబ్బు లేదు, అది నిజం.
లైసెన్సు మాత్రం సొరుగులో నిద్రపోతుండేది.

ఒకప్పుడు నా వారాన్ని ట్రాలీబస్సు తీగలు రాసేవి.
సోమవారమంటే అంతాకల్నిస్.
మంగళవారమంటే జిర్మూనై.
నది అవతల జ్వేరినాస్ చెక్క ఇళ్లు గురువారం.
బుధవారం అక్కడెవరి తీగ తెగినా
ఇవాళ మీ రోజు కాదమ్మా, అనేదాన్ని.
ఆగేవాళ్లు.
పిల్లలు ఆ ఒక్క స్వరం దగ్గర వేలెత్తి
గుంట దాటినట్టు దాటేవాళ్లు.

బస్సులో టికెట్టుకి చిల్లు పొడిచే డబ్బా
ఎప్పుడూ మనకి అందనంత దూరంలోనే.
ముందున్న భుజం తట్టి ఇచ్చేస్తే
చెయ్యి చెయ్యీ మారి వెళ్లేది,
ఉన్ని తొడుగులు, పొగాకు వేళ్లు, ఉల్లివాసన అరచేయి,
చిల్లులతో తిరిగొచ్చేది, కొంచెం వెచ్చగా.
ఆరంకెల నంబరు. మొదటి మూడూ కలిపితే ఎంతో
చివరి మూడూ అంతే అయితే అదృష్టం.
టికెట్టు నమిలి మింగెయ్యాలి,
తనిఖీవాడు దిగిపోయాకే సుమా.
నేను నాలుగు మింగాను.
ఒకటి పెళ్లికి ముందురోజు, ఒకటి విడాకుల రోజు.
సిరా రుచి రెండింటికీ ఒకటే.

మూడేళ్ల కింద మేనకోడలు ఔష్రీనే
ఊరంతా నా ఫోన్‌లో కుక్కింది.
బస్సు, స్కూటరు, సైకిలు, నిమిషాల లెక్కన కారు,
అన్నిటికీ నెలకొక్క బిల్లు.
ఎక్కడికి? అని అడుగుతుంది యాప్. ఎందుకని అడగదు.
అది నాకు నచ్చింది.

ఇప్పుడు బుధవారం తెగితే బుధవారమే వెళ్తాను.
ఈ వయసులో స్కూటరెక్కాను, నవ్వకండి,
రాళ్ల వీధిలో పళ్లు కటకటలాడుతుంటే
వీపు మీది సంచిలో శ్రుతిదండం దానంతటదే మోగింది.
ఓ రాత్రి పదకొండుకి కచేరీ హాలు నుంచి
ఎవరిదీ కాని కారులో ఇల్లు చేరాను.
సీటు ముందుకి జరుపుకుంటే
నాకు ముందు నడిపినవాడి కాళ్ల పొడవు తెలిసింది.
అంతే తెలిసింది.

సంపాదన పెరిగింది, మోకాలు నెమ్మదించింది.
అబద్ధమెందుకు.

సోమవారం పోయిందని మాత్రం ఆలస్యంగా గమనించాను.
ఎనిమిదీ పది బస్సులో కిటికీ పక్కన
బకెట్లో బతికున్న చేపతో ఒకాయన కూర్చునేవాడు.
చేపలు మారేవి, బకెట్ మారేది కాదు.
పేరు తెలియదు. చివరిసారి ఎప్పుడు చూశాను?
యాప్ తెరిస్తే నా ప్రయాణాలన్నీ చూపించింది,
నిమిషాలతో సహా.
ఆయన అందులో లేడు.

జనవరి. మైనస్ పదిహేడు.
ఆకుపచ్చ వంతెన మీద, డెబ్భై శాతం ఉండగానే,
చలికి ఫోన్ చచ్చిపోయింది.
ఊరు చేతిలో నల్ల పలక.
వచ్చిన ట్రాలీబస్సు ఎక్కేశాను.
పక్కన నిలబడ్డ కుర్రాడితో గొణిగాను,
తల ఎత్తకుండానే తన ఫోన్‌లో
నాకూ ఒక టికెట్టు నొక్కేశాడు.
చిల్లర ఇవ్వబోతే వద్దన్నాడు.

అయినా నా చెయ్యి వెనక్కి రాలేదు.
అరచేయి పైకి, వేళ్లు కాస్త మడిచి,
చిల్లులు పడ్డ కాగితమేదో తిరిగొస్తుందని
దానికదే చూస్తూ ఉండిపోయింది.

కుర్రాడు చేతిని చూశాడు. నన్ను చూశాడు.
ఏం చెయ్యాలో తోచక
కరచాలనం చేశాడు.
జీగిమాంతాస్, అన్నాడు.
స్కిర్మాంతే, అన్నాను.

దిగాక, కదిలిపోతున్న బస్సు వెనక నంబరు
కూడి చూశాను.
ఒకటి తక్కువైంది.