ముప్పావు తిప్పు

అంబాజీపేట కాలవ గట్టు మీద
రేకుల షెడ్డులో
పొద్దున్న తొమ్మిదింటి నుంచీ
ఆ ఆయిల్ ఫిల్టర్‌కీ నాకూ మాటల్లేవు.

అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా.
ఇంజను పొట్ట కింద, సైలెన్సర్ గొట్టాల సందులో
పొదుగు వదలని దూడలా
కరుచుకుని ఉంది.

మొదట ఉత్త చేత్తో.
తర్వాత గరుకు కాయితం చుట్టి.
తర్వాత బెల్టు పానా. అది జారి
నా మెటికలు ఇంజను రెక్కలకి కొట్టుకుని
తోలు లేచిపోయింది.
కాలిన నూనె కింద
ఎర్రగా, నాదే.

జకరయ్య మేస్త్రి వక్క నములుతూ చూస్తాడు.
ఏమీ అనడు.
ఆయన దగ్గరున్న పానాలన్నిట్లో
పెద్దది అదే.

"స్క్రూడ్రైవర్ దింపి పొడిచెయ్యనా?"
"పొడు. రేకు చినుగుద్ది. మర లోపలే ఉంటది.
ఆనక పట్టుకోడానిక్కూడా నీకేం మిగలదు."

బండి గుబ్బలవారి చిన్నబ్బాయిది.
రొయ్యల మేత లెక్కలు రాసుకుంటూ
చెరువు చెరువుకీ తిరుగుతాడు.
పదిన్నరకి వచ్చి, సెల్లు చూసుకుంటూ,
"పోయినసారి ఎవరు బిగించారండీ దీన్ని?"
అడిగింది నన్ను కాదు.
మేస్త్రి కాలవలోకి ఉమ్మేసి
"గుర్తులేదండి" అన్నాడు.

నాకు గుర్తుంది.
ఆగస్టు. లంకల్లోకి ఎర్రనీళ్ళొచ్చిన వారం.
ముందురోజు నేను బిగించిన ఇంకెవరిదో బండి
గన్నవరం అక్విడెక్టు మీద
నూనంతా కక్కేసి ఆగిపోయింది.
సెంటర్లో అందరి ముందూ తిట్లు తిన్నాను.
ఆ మర్నాడే ఇది.
చేత్తో ముప్పావు తిప్పు చాలని నేర్చుకున్నవాణ్ణి
పానా వేసి ఇంకో తిప్పు,
పళ్ళు బిగబట్టి ఇంకో సగం,
రబ్బరు నలిగి ఇనుముకి అంటుకుపోయేదాకా.
పది నెలలు నా భయం
ఈ బండి కింద వేలాడుతూ
చెరువు గట్లన్నీ తిరిగొచ్చింది.
ఒక్క చుక్క కారలేదు.

పన్నెండింటికి దింపు ముసలయ్య వచ్చాడు,
మోపెడ్‌కి ప్లగ్గు కావాలంటూ.
పేరుకే ముసలయ్య, ముప్పై దాటలేదు.
భుజాన మోకు, నడుముకి కత్తి.
వంగి చూశాడు. నవ్వలేదు, అదే పదివేలు.
"తడిసిన చెట్టూ ఇంతేనండి.
మనం గట్టిగా పట్టుకుంటే జారుద్ది.
మన బరువుకి తాడే పట్టుకోవాలి."

రెండు మూరల పీచుతాడు తెంపి
కాలవలో ముంచి పిండి
డబ్బాకి మూడు చుట్లు, ఒకదాని మీదొకటి ఎక్కించి
కొసన ముడిలోకి పాత యాక్సిల్ కడ్డీ దూర్చాడు.
ఆ ముడి పేరేంటని అడిగాను.
"పేరేటండి. ముడి."

కడ్డీ నా చేతికిచ్చాడు.
లాగాను. తాడు కిర్రుమంది.
పీచు జిడ్డులోంచి రేకుని వెతుక్కుంది.
ఇంకా లాగాను.

టక్.

ఎండుమట్ట విరిగినంత చప్పుడు కూడా కాదు.
ఆ తర్వాత రెండు వేళ్ళకే తిరిగిపోయింది,
పొద్దుట్నుంచీ ఏమీ జరగనట్టు.
జూన్ ఎండకి గోరువెచ్చనైన నల్లనూనె
మోచేతి దాకా కారింది.

"ఎవడు బిగించాడో గానీ..." అన్నాడు ముసలయ్య.
"నేనే" అన్నాను.
షెడ్డులో పంకా ఒక్కటే తిరుగుతోంది.
గుబ్బలవారి అబ్బాయి సెల్లు మీంచి తలెత్తాడు.
మేస్త్రి కొత్త ఫిల్టర్ అట్టపెట్టె చించి
నా కాళ్ళ దగ్గరికి దొర్లించాడు.

రబ్బరు చుట్టూ వేలితో కొత్తనూనె రాశాను.
అంటేదాకా తిప్పాను.
అక్కణ్ణించి పావు.
అర.
ముప్పావు.
చెయ్యి ఇంకా కావాలంది.
తీసేశాను.

రాత్రి సబ్బుతో మూడుసార్లు రుద్దుకుని
కుళాయి కట్టేశాను.
ఒక చుక్క పడింది.
ఇంకోటి పడుతుందేమోనని
చీకట్లో, తడి చేతులతో
కాసేపు అక్కడే నిలబడ్డాను.