ఉప్పు తిన్న బండి

వైనో హకలా దొడ్లో మంచు పూర్తిగా కరగలేదు.
ఏప్రిల్ చివరి ఆదివారం,
సుపీరియర్ సరస్సు మీంచి గాలి.
బంగాళదుంపల కొట్టం పక్కన
ఎనభై ఏడు మోడల్ పికప్పు,
గోధుమరంగో తుప్పురంగో
తేల్చుకోలేకుండా ఉంది.

కోటు విప్పి, వెల్లకిలా పడుకుని
దాని కిందికి దూరాను.
సుత్తితో చాసిస్ మీద కొట్టుకుంటూ పోయాను.
ణంగ్. ణంగ్. ణంగ్.
వెనక చక్రం దగ్గర మాత్రం
పుచ్చిన గుమ్మడికాయలా
డబ్ మంది.

మా వైపు చలికాలమంతా రోడ్లకి ఉప్పు చల్లుతారు.
ఉప్పు తిన్నవాళ్లకి విశ్వాసం ఉండాలంటారు గానీ
ఇక్కడ తినేది ఉప్పే.
ముప్పై ఏళ్లుగా ఈ బండిని
కింద నుంచి, ఎవరూ వంగి చూడని చోటు నుంచి
కొరుక్కుంటూ వచ్చింది.

"ఇక్కడ అతుకు పడుతుంది" అన్నాను.
"వెల్డింగు వచ్చా?" అంది పైనుంచి ఒక రబ్బరు బూట్ల జత.
"బడి వంటశాలలో గరిటె పట్టేది పగలే."

ఒక వెనక చక్రం జాకీ మీద లేపి
చేత్తో రెండు చుట్లు తిప్పాను.
షాఫ్టు మూడున్నర చుట్లు తిరిగింది.
రోడ్డుకి మంచి లెక్క, బురదకి చాలదు.
బురదకైతే గేర్లు మార్చాలి, ఫెండర్లు కొయ్యాలి,
బండిని ఎత్తు లేపాలి.
లేపితే మా తైమి ఎక్కలేదు,
ఆరేళ్ల పిల్లకి నిచ్చెన కావాలి.
శనివారం కోసం కొంటే
మిగతా ఆరు రోజులూ నిలదీస్తాయి,
మా సంగతేమిటని.

వైనో రెండువేల రెండొందలన్నాడు.
డబ్ మన్న చోటు చూపించి పదిహేడొందలన్నాను.
వెనక తలుపు మీద చెయ్యి వేసి
చాలాసేపు నిలబడ్డాడు.
"ఇది విప్పి ఉంచుకుంటా. అలాగైతే సరే."

ఎందుకని అడగలేదు.
తలుపు లోపలి వైపు రెండుచోట్ల
రంగు అరిగి రేకు తళతళలాడుతోంది,
పక్కపక్కన ఇద్దరు కూర్చునేంత ఎడంలో.

తలుపు లేకపోతే బరువు తగ్గుతుంది,
బురదలో అదీ లాభమే, అనుకున్నాను.
సిగ్గేసింది.
అయినా అనుకున్నాను.

నంబరు ప్లేటు తీగతో కట్టి ఇంటికి తోలుకొచ్చాను.

జూన్‌లో పోటీ.
ముప్పై ఐదు అంగుళాల టైర్లు వేశాను,
మధ్యేమార్గం,
రెండు వైపులా తిట్లు తినేది.
నూట ఎనభై అడుగుల గుంటలో
నూటపది దాకా పోయి
మడుగులో గేదెలా
చతికిలబడింది.
ట్రాక్టరు గొలుసేసి లాగుతుంటే
గట్టు మీద తైమి ఒకటే కేకలు,
గెలిచామనుకుని.

సోమవారం బడికి పోతుంటే
బ్యాంకు దగ్గర ఎర్రలైటు పడింది.
బండి కింద నుంచి ఎండిన పెళ్ల ఒకటి ఊడి
తారు మీద దభీమని పడింది.
పక్క కారాయన అద్దం దించి చూశాడు.
నేను తల తిప్పలేదు.
తైమి చెయ్యి ఊపింది.
పచ్చలైటు.