తొంభై నాలుగో పేజీలో టీ

చిత్తూరు చర్చి వీధి ప్రెస్సులో
ట్రెడిల్ పోయి ఆఫ్‌సెట్ వచ్చినాక కూడా
నా కుర్చీ మారలేదు, ఎర్ర పెన్ను మారలేదు.
ఇరవై రెండేళ్లుగా పరాయోళ్ల తప్పులే నాకు అన్నం.

ఆ నవల రాసినోడు దొరసామి.
పగలు బెల్లం మండీలో తూకం చీటీలు రాస్తాడు,
రాత్రి ఆ చీటీల వెనకమాల హత్యలు రాస్తాడు.
అట్ట మీద మాత్రం పేరు విక్టర్ శార్దూల.
కాగితం పట్టుకుంటే వేళ్లకి జిగురు, అప్పుడప్పుడూ ఒక చీమ.

నలభయ్యో పేజీలో హీరో ఎడమ భుజంలో తూటా.
అరవయ్యో పేజీలో కట్టు కుడి భుజానికి.
జోరున వాన పడతా ఉంటే వెన్నెల కాస్తాది.
ప్రతి అధ్యాయం చివర ఒక తలుపు కిర్రుమంటాది,
కిర్రు పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు.
డెబ్బై ఒకటిలో గొంతు కోయించుకున్న వాచ్‌మన్ ఏకాంబరం
తొంభై నాలుగులో తాపీగా నడిచొచ్చి
"సార్ టీ" అంటాడు.

ఏకాంబరం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టినా.
పక్కన రాసినా: వీడు చచ్చినాడు గదా?
ఓనరు గజపతి నాయుడు కళ్లజోడు నుదుటికి తోసి
"ఏడు గంటల బస్సుకి కట్టలు పోవాల.
బతికితే బతకనీలేబ్బా, నీ సొమ్మేం పోయె" అన్నాడు.

పదకొండు వేల కాపీలు.
పాకాల జంక్షన్లో పల్లీల పొట్లాల పక్కన,
తిరపతి బస్టాండులో కదిలే బస్సు కిటికీల్లోకి.
ఆ ఏడే నా పద్యాల పుస్తకం వేసుకున్నా, ఒక్క అచ్చుతప్పు లేకుండా.
నలభై ఒకటి పోయినాయి. అందులో ఆరు నేనే కొన్నా.

జనానికి రుచి చచ్చిందన్నా.
టీ కొట్లో అన్నా, మంగలి షాపులో అన్నా,
అన్న ప్రతిసారీ ఒక అంగుళం పొడుగైనట్టుండేది.

జూన్ నెలలో మా తమ్ముడు నందగోపాల్‌ని
మామిడికాయల లారీ గుద్దింది.
తిరపతి పెద్దాసుపత్రి. ఆపరేషన్ గది బయట నేల.
రాత్రి ఒంటిగంట. ఫినాయిల్ వాసన, ఎవరిదో పులిసిన సద్ది వాసన.
నా సంచిలో ఒక మంచి పుస్తకం ఉండె. గొప్పది, ఎవరూ కాదనరు.
తెరిచినా. మొదటి వాక్యమే నన్నేదో అడిగింది.
ఆ రాత్రి నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు.
మూసేసినా.

పక్క చాప మీద పీలేరు ఆమె, మొగుడు లోపల.
పెదాలు కదుపుతా దొరసామి నవల చదవతా ఉండాది.
అట్ట ఊడిపోయి, మూలలు అప్పడాల మాదిరి వంకర తిరిగినాయి.
కునుకొచ్చి పుస్తకం నా చేతిలో పెట్టి
"తలుపు తీస్తే లేపన్నా" అనింది.

చదివినా. నా పెన్ను కింద నుంచి పోయిన పేజీలే.
తూటా ఏ భుజానికో పట్టలేదు.
ఇక్కడుండేది ఒకే తలుపు, అది తెరుచుకోదు.
అక్కడ ప్రతి పది పేజీలకీ ఒకటి తెరుచుకుంటాంది.

తొంభై నాలుగు వచ్చింది.
ఏకాంబరం వచ్చినాడు, గొంతు మీద గాటు కూడా లేకుండా.
"సార్ టీ."
నాకెంత సంతోషమయిందో చెప్తే మీరు నవ్వుతారు.

మూడున్నరకి నర్సు నా పేరు పిలిచింది.
పిలిచిన తీరులోనే తెలిసిపోయింది.
పుస్తకం ఆమె చాప మీద బోర్లా పెట్టి లేచినా.

దసరా ముందర నాలుగో ముద్రణ.
"ఈసారి తీరిక ఉండాది, తప్పులన్నీ తీసెయ్" అన్నాడు నాయుడు.
భుజం సరిచేసినా. వెన్నెల ఆర్పేసినా.
మూడు ఆశ్చర్యార్థకాల్లో రెండు పీకేసినా.
ఏకాంబరం దగ్గర పెన్ను కొంచేపు ఆగింది.
సార్ తర్వాత కామా లేదు. అది పెట్టి
పేజీ తిప్పినా.

హంతకుడెవరని మాత్రం నన్నడగొద్దు.
ఆఖరి ఫారం మొదట్నుంచీ వేరే ఆయన దిద్దుతాడు,
ఆ రాత్రి నేను అంతదూరం పోలేదు.